ఓదెలు ఎత్తిన వేలు

ఒకటో రోజు

ఈ నిద్ర పుస్తకంలో ఐదు గళ్ళున్నాయి. మంచం నంబరు, పేరు, దీపం తగ్గించిన వేళ, నిద్రపట్టిన వేళ, మెలకువ వచ్చిన వేళ. ఆరో గడి ఒకటి ఉంటే అందులో "ఎందుకు" రాసేవాణ్ణి. లేదు కాబట్టి వెనకపక్క ఖాళీ పేజీల్లో రాసుకుంటున్నాను. సుగుణ సిస్టర్ చూసిందంటే ఎర్ర సిరాతో ఏదో ఒకటి అంటుంది. అననీ. చదివేవాళ్ళు ఒకరైనా ఉన్నారని తెలుస్తుంది.

నా పేరు మొగిలి. ఏడో లెవల్ ఆసుపత్రిలో ఆరు మంచాల ఐసీయూకి నిద్ర కాపలాదారుణ్ణి. అదీ ఒక ఉద్యోగమేనా అని మా బామ్మర్ది నవ్వుతాడు. వాడికేం తెలుసు? ఈ లెవల్లో బొగ్గు తవ్వే రోజుల్లో మనుషులు కునుకు తీయకుండా చూడటానికి ముగ్గురు సర్దార్లు తిరిగేవాళ్ళు. ఇప్పుడు పడుకోబెట్టడానికి నేనొక్కణ్ణే. ఏది కష్టమో వాణ్ణే చెప్పమనండి.

పైన ఎండ మనుషులకు పనికిరాకుండా పోయాక, బొగ్గు అయిపోయిన గనిలోకి, మా మాటల్లో బాయిలోకి, మా ఊరు ఊరంతా దిగింది. ఇక్కడ పొద్దు దానంతట అది పొడవదు. మేం పొడిపించాలి. ఐసీయూలో ఆ పని నాది. పొద్దున ఆరింటికి గోడలమీది కిటికీ దీపాలు తెల్లగా వెలిగిస్తాను. మధ్యాహ్నానికి ఇంకా పెంచుతాను. సాయంత్రానికి పసుపు నీళ్ళ రంగు. రాత్రి ఎనిమిదయ్యేసరికి పొయ్యిలో ఆరిపోబోయే నిప్పంత. పగలు రోగుల్ని వీలైనంత సేపు కూర్చోబెట్టిస్తాను. పగలంతా పడుకున్నవాడు రాత్రి పడుకోడు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, మా బామ్మర్దిని చూస్తే చాలు.

యంత్రాలు ఇప్పుడు కూత పెట్టవు, నర్సు చేతి పట్టీకి చెబుతాయి. బండ్ల చక్రాలకు నేను నూనె వేస్తాను. ఇంతకుముందు నాలుగింటికి రక్తం తీయడానికొకరు, నాలుగున్నరకు ఒళ్ళు తుడవడానికొకరు, ఐదింటికి ఛాతీ ఫొటోకొకరు వచ్చి రోగిని లేపేవాళ్ళు. "మూడుసార్లు లేపే బదులు ఆరింటికి ఒక్కసారే లేపి మూడు పనులూ చేసుకోండి" అన్నాను. పైన రైళ్ళు నడిచే రోజుల్లో రాత్రి ప్రయాణం చేసిన ఎవడైనా ఈ మాట చెప్పగలడు.

నిద్రసూదులు ఇక్కడ నిషేధం. ఊపిరి యంత్రం మీదున్నవాళ్ళకు ఆ సూది ఇస్తే యంత్రం వదలరు, వదిలినా వారం రోజులు పిల్లల పేర్లు గుర్తుండవు అని మా డాక్టర్ నస్రీన్ పట్టుబట్టి ఆపించింది. కాబట్టి దీపం, నూనె, దూది. ఇవే మా మందులు.

నాలుగో మంచానికి ఇవాళ ఓదెలు వచ్చాడు. మంచం చీటీ మీద పేరు చూసి గుర్తుపట్టాను, మొహం చూసి కాదు. ఊపిరితిత్తులకు చీము పట్టింది. నోట్లో గొట్టం. నేను బాయిలో ఫ్యాన్ ఖలాసీగా ముప్పై ఒక్క ఏళ్ళు చేస్తే, అందులో ఇరవై ఏళ్ళు వాడూ నేనూ ఒకే షిఫ్టు. నేను గాలి పంపేవాణ్ణి, వాడు బొగ్గు కొట్టేవాడు. ఒకరోజు నా టిఫిన్ డబ్బాలో కోడిగుడ్డు మాయమైంది. ఓదెలు మూతికి పచ్చసొన అంటి ఉంది. "కాదు" అన్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు మేం కలిసి తిన్నాం గానీ ఆ గుడ్డు విషయం తేలలేదు.

మూడో రోజు

ఓదెలు నిద్ర నలభై నిమిషాలు. మిగతా ఐదు మంచాలూ ఐదు గంటల పైనే.

పై పేజీ కింద ఎర్ర సిరా: మొగిలన్నా, నిద్ర పుస్తకంలకు కోడిగుడ్డు ఎందుకొచ్చింది? విషయం రాయి.

విషయమే రాస్తున్నాను. కళ్ళకు నల్లగుడ్డ కట్టాం. చెవుల్లో దూది పెట్టాం. దీపం తగ్గించాం. అందరికీ పనిచేసింది ఓదెలు దగ్గర పనిచేయలేదు. కళ్ళు మూతపడతాయి, రెండు నిమిషాల్లో ఉలిక్కిపడి తెరుచుకుంటాయి. తెరిచాక ఒక పని చేస్తాడు. కుడిచేతి చూపుడువేలు గొట్టం పక్కన పెదవికి ఆనించి, పైకెత్తి, అలాగే పట్టుకుంటాడు.

నర్సు సునంద అది చూసి మూత్రం గిన్నె తెచ్చింది. అది కాదు. కూతురు సరోజన వచ్చి చూసి, "మీదికి చూపెడుతుండు, దేవుని దగ్గరికి పోతా అంటుండు" అని ఏడ్చింది. దాహమేమో అని నేను తడిగుడ్డతో పెదవులు తుడిచాను. అదీ కాదు. తల పక్కకు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం గొట్టం పీక్కోవడానికే చెయ్యి అక్కడికి పోతోందంది. ఇద్దరు పీకేసుకున్నవాళ్ళను ఆమె చూసింది. అందుకని రెండు చేతులూ మెత్తటి గుడ్డతో మంచం కడ్డీకి కట్టారు.

కట్టాక కూడా ఆ వేలొక్కటి లేస్తూనే ఉంది.

నాలుగో రోజు

ఓదెలు నిద్ర ముప్పై ఐదు నిమిషాలు.

డాక్టర్ నస్రీన్ నన్నూ సరోజననూ పక్కకు పిలిచింది. ఆమె మాట తగ్గించి మాట్లాడుతుంది. గోడమీది చెవికి భయపడి కాదు, ఆమె తీరే అంత. గోడమీది చెవి అంటే చెవి ఆకారంలో ఉన్న దీపం. వార్డులో చప్పుడు హద్దు దాటితే ఎర్రబడుతుంది. దాన్ని పెట్టించింది సుగుణ సిస్టర్, దాన్ని ఎర్రబడనివ్వకుండా అందర్నీ వట్టికాళ్ళతో నడిపించింది నేను.

"చీము తగ్గుతోంది" అంది డాక్టరమ్మ. "ఊపిరితిత్తులు పనిచేయడానికి సిద్ధంగానే ఉన్నాయి. మనిషే సిద్ధంగా లేడు. యంత్రం ఆపి చూస్తే ఐదు నిమిషాల్లో అలిసిపోతున్నాడు. నిద్ర లేని ఒంటికి ఊపిరి తీయడం కూడా కూలిపనే. మనసు కూడా చెదిరింది, మనల్ని గుర్తుపట్టడం లేదు. పది రోజులకు మించి యంత్రం మీద ఉంచే ఏర్పాటు మన దగ్గర లేదు. పదో రోజు పొద్దున పైకి బండి పోతుంది. అప్పటికి గొట్టం తీయలేకపోతే పెద్దాసుపత్రికి పంపాల్సిందే."

పైకి బండి అంటే లిఫ్టులో రెండు గంటలు, తర్వాత పెద్దాసుపత్రి ఉన్న ఇంకో బాయిదాకా ఎండలో తొమ్మిది గంటలు. ఈ రెండేళ్ళలో ఐసీయూ నుంచి ముగ్గుర్ని పంపాం. ఒక్కరు చేరారు.

సరోజన నా వంక తిరిగింది. "ఏంది కాకా, ఊరందర్ని పండవెట్టినవట నువ్వు. మీ దోస్తును పండవెట్ట శాతనైతలేదా?"

"అయితది బిడ్డా" అన్నాను. ఎలా అవుతుందో నాకే తెలియదు. తెలియనప్పుడు "అయితది" అనడం బాయిలో నేర్చుకున్నాను. లిఫ్టు తాడు తెగేలా ఉన్నప్పుడు మా షిఫ్టు చూసే ఓవర్‌మన్ అదే అనేవాడు.

ఐదో రోజు

నిద్ర ఇరవై నిమిషాలు.

ఇవాళ నేను చేసింది రాస్తాను. దాచడం ఎందుకు. చప్పుడు వల్లే లేస్తున్నాడనుకుని నాలుగో మంచం చుట్టూ గాజు తలుపులు మూయించాను. పక్కనుండే మందుల బండిని బయటికి తోయించాను. చెవుల్లో దూది ఇంకాస్త కుక్కాను. గోడలమీద పచ్చటి పాచి పెంచే పలకలు గాలిని వాటంతట అవే శుభ్రం చేస్తాయి కదా, వాటికి ఎలాగూ చప్పుడు లేదు. ఇక ఆ గదిలో దోమ రెక్క కొట్టినా వినిపించేంత నిశ్శబ్దం తెచ్చాను. చెవి దీపం ఆకుపచ్చగా, తృప్తిగా ఉంది. సుగుణ సిస్టర్ కూడా మెచ్చుకుంది.

ఓదెలు మాత్రం కళ్ళు పెద్దవి చేసి కప్పు వైపు చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. గుండె వేగం నూట ముప్పై. తర్వాత నన్ను చూశాడు. అది గుర్తుపట్టని చూపు కాదు. గుర్తుపట్టి, "నువ్వు కూడానా" అన్న చూపు.

ఇంటికి పోయి అన్నం తినలేదు. మా ఆవిడ కారణం అడగలేదు, ఎందుకంటే చారు ఆమెకు కూడా నచ్చలేదు.

ఆరో రోజు

పొద్దున డ్యూటీకి ముందే వచ్చి కూర్చున్నాను. రాత్రి నాకూ నిద్ర లేదు. నాకు రెండేళ్ళుగా ఇంతే, వయసు. నిద్రపట్టనివాడిని కాపలాకు పెట్టుకుంటే మేలు కదా అనే ఈ ఉద్యోగం ఇచ్చారు.

రాయడానికి నిద్ర ఏమీ లేదు కాబట్టి నా శాలువా గురించి రాస్తాను. సిస్టర్ క్షమించాలి.

రెండేళ్ళ కిందట పాచి పలకలు వచ్చిన రోజున నా పెద్ద ఫ్యాన్‌ను శాశ్వతంగా ఆపేశారు. సభ పెట్టారు. నాకు శాలువా కప్పారు. మీట కిందికి లాగే మర్యాద నాకే ఇచ్చారు. లాగాను. ఆ హోరు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. కుర్రకారు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న మా పాత బాయి పనివాళ్ళు మాత్రం కొట్టలేదు. సగంమంది లేచి నిలబడ్డారు. గౌరవానికి నిలబడ్డారని అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. గౌరవం లేదు, పాడు లేదు. బాయిలో ఫ్యాన్ ఆగిందంటే పని ఆపి బయటికి నడవాలి. గాలి రాకపోతే గ్యాస్ వస్తుంది, అది కంటికి కనబడదు. హోరు ఉన్నంతసేపూ ఎవడూ దాన్ని వినడు, కాళ్ళు చాపుకుని కునుకు కూడా తీస్తాడు. ఆగిందంటే చచ్చినట్టు నిద్రపోతున్నవాడు కూడా లేస్తాడు. ఒకసారి బెల్టు తెగి ఆగినప్పుడు, నేను కిందికి ఫోను చేసేలోపే మూడొందల మంది లేచి నిలబడ్డారట, ఒక్కడూ మాట్లాడలేదట. గాలి ఇంకా కదులుతోందా, ఏ పక్కనుంచి వస్తోంది అని చూడటానికి ప్రతివాడూ వేలు నోట్లో తడిపి, పైకెత్తి

ఇక్కడ పెన్ను ఆగింది.

తర్వాత జరిగింది మధ్యాహ్నం కూర్చుని రాస్తున్నాను. పరుగెత్తాను. డెబ్భై రెండేళ్ళవాడు ఐసీయూలో పరుగెత్తితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, చెవి దీపం ఎర్రబడింది. నాలుగో మంచం తలుపు తీశాను. ఓదెలు చెవుల్లో దూది పీకేశాను. కట్టిన చేతిలో ఆ వేలు లేచే ఉంది. నేను నా వేలితో వాడి పెదవి అంచు తడి తీసి వాడి వేలికి రాశాను. ఈ నిద్ర పుస్తకం అట్టతోనే ఆ వేలి మీద మెల్లగా విసిరాను.

ఓదెలు వేలిని అటూ ఇటూ తిప్పాడు. గాలి ఏ పక్కనుంచి వస్తోందో చూశాడు. నా మొహం చూశాడు. వేలు కిందికి దించాడు.

సరోజన తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఏం జేసినవ్ కాకా?"

"ఏం జెయ్యలె బిడ్డా. మీ బాపు అడుగుతుండె, నేను ఆరు దినాలకు జవాబు జెప్పిన."

విసిరినంతసేపూ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టి ఆపితే తెరిచాడు. ఫ్యాన్ ఖలాసీని నేను, ఇరవై ఏళ్ళు వాడికి గాలి పంపినవాణ్ణి. ఆ హోరు లేకుండా చేసి, చెవుల్లో దూది కుక్కి, చేతులు కట్టించి, "పండుకోరా" అన్నాను. మనసు చెదిరి వాడు మళ్ళీ పాత షిఫ్టులోకి పోయాడు. వాడి లెక్కన బాయిలో ఫ్యాన్ ఆగి ఆరు రోజులైంది, ఒక్కడూ బయటికి నడవడం లేదు. ఎలా పడుకుంటాడు?

ఏడో రోజు

పొద్దున సుగుణ సిస్టర్‌తో యుద్ధం.

"ఐసీయూలకు ఫ్యానా? నువ్వేగదా మొగిలన్నా, నా చెప్పులు ఇప్పించి వట్టి కాళ్ళతోని నడిపిచ్చింది?"

"నేనే సిస్టర్. తప్పయింది."

"ఇప్పుడు గా ఇనుప దయ్యాన్ని తెచ్చి పెడ్తనంటవ్. మిగిలిన ఐదుగురు ఏం గావాలె?"

"దాన్ని ఆవల వరండాలో పెడతా. గుడ్డ గొట్టంతోని గాలి లోపలికి తెస్తా. హోరు ఆయన గదిలకే పోతది."

"దుమ్ము?"

డాక్టర్ నస్రీన్ అంతవరకూ వింటూ ఉంది. "గొట్టం మూతికి వడపోత గుడ్డ నేను కట్టిస్తాను" అంది. "మూడు రోజులే ఉన్నాయి సిస్టర్. మధ్యాహ్నం నేను ఎదురుగా ఉండగా చూద్దాం. ఇబ్బందైతే ఆపేద్దాం."

"ఆపుడు మాత్రం వద్దు డాక్టరమ్మా" అన్నాను. "దానికే గదా ఈ గోసంతా."

మీట లాగిన పెద్ద ఫ్యాన్ పాత ఇనుము కింద అమ్ముడుపోయింది గానీ, బొగ్గు కొట్టే చోటికి గాలి మళ్ళించే చిన్న ఫ్యాన్‌ను ఒకదాన్ని బడిలో చుట్టూ తాడు కట్టి బొమ్మలా నిలబెట్టారు. హెడ్మాస్టరు గారు రసీదు రాయించుకుని ఇచ్చారు, "వస్తువు పురాతనమైనది, జాగ్రత్త" అని చెబుతూ ఫ్యాన్ వైపు కాక నా వైపు చూశారు. నలుగురం మోసుకొచ్చాం. మోటారు తుడిచి, బేరింగ్‌కు గ్రీజు దొరక్క వంటనూనె పోశాను. గుడ్డ గొట్టం సరోజన కుట్టింది, పాత పరదాలతో.

మధ్యాహ్నం రెండింటికి మీట పైకెత్తాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నాకు శాలువా కప్పలేదు.

ముందు మోటారు గొణిగింది. తర్వాత పట్టుకుంది. గొట్టం ఉబ్బి, నాలుగో గది లోపల ఆ పాత హోరు నిండింది. గోడమీది చెవి ఒక్కసారి ఎర్రబడింది. సుగుణ సిస్టర్ నడుముమీద చేతులు పెట్టుకుంది. నేను గొట్టానికి ఒక మలుపు తిప్పి వేగం ఒక మెట్టు తగ్గించాను. చెవి పసుపుపచ్చకు దిగింది, మెల్లగా ఆకుపచ్చకు వచ్చింది. లోపలికి తొంగి చూశాం.

ఓదెలు నెత్తిమీద నాలుగు తెల్లవెంట్రుకలు కదులుతున్నాయి. చేతి కట్లు డాక్టరమ్మే విప్పింది. వేలు లేచింది. పెదవికి ఆనింది. గాలిలో నిలబడింది. మేమంతా ఊపిరి బిగబట్టాం, ఊపిరి యంత్రం ఒక్కటే మా అందరి తరఫున తీసుకుంటోంది.

వేలు దిగింది. చెయ్యి పొట్టమీద పడింది. కాళ్ళు కొంచెం ఎడంగా చాచాడు, షిఫ్టు మధ్యలో బొగ్గు గోడకు ఆనుకుని చాచినట్టు.

"పండిండా?" అంది సరోజన.

"మాట్లాడకు" అంది సుగుణ సిస్టర్. చెవిని చూసి కాదు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

నేను పక్కన కుర్చీలో కూర్చుని వేళ రాశాను: రెండూ పన్నెండు.

ఇక్కడినుంచి ఎర్ర సిరా: నాలుగో మంచం 2.12 నుంచి 6.50 వరకు. నాలుగు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. గుండె వేగం 84. కాపలాదారు మొగిలి 2.20 నుంచి 5.40 వరకు, కుర్చీలోనే, నోరు తెరిచి. గురక చప్పుడుకు చెవి ఎర్రబడలేదు, సగం ఫ్యాన్ హోరులో కలిసింది. లేపలేదు. పొద్దు దీపం నేనే పసుపుకు తిప్పిన. సుగుణ.

ఎనిమిదో రోజు

ఓదెలు రాత్రి ఆరు గంటలు. పొద్దున యంత్రం ఆపి చూశారు, నలభై నిమిషాలు సొంతంగా ఊపిరి తీశాడు. సరోజనను చూసి చెయ్యి పట్టుకున్నాడు.

నా గురించి కూడా రాయాలి. కుర్చీలో మూడు గంటల ఇరవై నిమిషాలు నిద్రపోయిన కాపలాదారుకు మామూలుగా అయితే మెమో ఇస్తారు. డాక్టరమ్మ నన్ను పిలిచి, ఎన్నేళ్ళయింది ఇలా నిద్రపోయి అని అడిగింది. రెండేళ్ళన్నాను. పాచి పలకలు వచ్చి ఎన్నేళ్ళయింది అంది. అవీ రెండేళ్ళే. వయసు అనుకున్నదంతా వయసు కాదన్నమాట. శాలువా కప్పి నా నిద్ర పట్టుకుపోయారు.

తొమ్మిదో రోజు

ఏడు గంటలు. యంత్రం లేకుండా నాలుగు గంటలు.

సుగుణ సిస్టర్ ఈ పుస్తకం తీసుకుని, స్కేలు పెట్టి, ప్రతి పేజీలో ఎర్ర సిరాతో ఆరో గడి గీసింది. పైన "ఎందుకు" అని రాయలేదు, ఆమె నాలాగ కాదు, పనికొచ్చే మాట రాసింది: "ఇంట్ల ఏ చప్పుడుకు నిద్రపోతరు?" పొద్దున ఆరు మంచాలూ తిరిగి అడిగాను. మాట్లాడలేనివాళ్ళవి ఇంటివాళ్ళను అడిగాను. రెండో మంచం ఆమెకు పక్కింటి కుట్టుమిషను. ఐదో మంచం ఆయనకు ఏ చప్పుడూ అక్కర్లేదు, దూదే కావాలి, సరే. ఆరో మంచం ముసలామె భర్త గురక అంది. ఆయన చనిపోయి తొమ్మిదేళ్ళు. గడిలో రాసి ఊరుకున్నాను. సాయంత్రం ఆమె, "మొన్న గా కుర్చీల ఎవరో గురక వెట్టిండ్రు గద, మంచిగ నిద్రవట్టింది" అంది. సిస్టర్ నా వైపు చూసింది. ఐదో మంచం అవతలి వరసలో ఉంది కాబట్టి, నా కుర్చీ ఇప్పుడు నాలుగుకూ ఆరుకూ మధ్యకు మారింది.

పదో రోజు

పైకి బండి ఎనిమిదింటికి పోయింది. అందులో ఖాళీ గ్యాస్ సిలిండర్లు, టపా, పెళ్ళిచూపులకు పోయే ఒక కుటుంబం ఉన్నాయి. ఓదెలు లేడు.

తొమ్మిదింటికి గొట్టం తీశారు. దగ్గాడు. ఇంకా దగ్గాడు. సరోజన నా భుజం పట్టుకున్న పట్టు రేపటిదాకా నొప్పి పెడుతుంది. తర్వాత దగ్గు ఆగి, ఛాతీ లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. యంత్రం పక్కనే ఊరికే నిలబడి ఉంది.

డాక్టరమ్మ వంగి, "పేరు చెప్పండి" అంది.

చెప్పాడు. ఊరు చెప్పాడు. కూతురి పేరు చెప్పాడు. తర్వాత నా వైపు వేలు చూపించాడు. పైకి కాదు, నా వైపే. అందరం ముందుకు వంగాం. గొంతు గరగరలాడుతోంది.

"మొగిలీ... బేరింగు మొత్తుకుంటాంది. గ్రీజు వెట్టలేదా?"

"వంటనూనె పోసిన."

"వంటనూనె పోస్తరారా ఎవడన్న" అన్నాడు. అంతే, మేం మళ్ళీ ఒకే షిఫ్టు.

సరోజన పక్కకు తిరిగి ఒకేసారి నవ్వుతూ ఏడ్చింది. సిస్టర్ అందర్నీ బయటికి తోలింది. నేను దీపం సరిచేసే నెపంతో ఉండిపోయాను. ఇంత దూరం వచ్చాక అడగకపోతే ఎలా? కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లగా అడిగాను.

"ఓదెలూ, ఇప్పుడన్న జెప్పు. ఆ గుడ్డు నువ్వేనా తిన్నది?"

ఓదెలు నన్ను చూశాడు. గుడ్డ గొట్టం మూతిని చూశాడు. మెల్లగా కళ్ళు మూసుకున్నాడు.

పది రోజులు ఈ మనిషి నిద్ర కాపలా కాశాను. నిజం నిద్రలో వీడి కాళ్ళు ఎడంగా ఉంటాయి, చెయ్యి పొట్టమీద ఉంటుంది. ఇప్పుడు కాళ్ళు దగ్గరగా ఉన్నాయి, మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు. అయినా పుస్తకం పుస్తకమే. రాశాను.

నాలుగో మంచం, ఓదెలు. 9.40 నుంచి 9.55 వరకు. దొంగనిద్ర.